డప్పుకు కొటేషన్ ఎవరివ్వాలి?

గూడూరు పేరు కనిపించే అతి పాత రాతల్లో కొండముది తామ్రశాసనం ఒకటి. బృహత్ఫలాయన రాజు జయవర్మ మూడో శతాబ్ది చివరి ప్రాంతంలో కూదూరు విడిది నుంచి ప్రాకృతంలో జారీ చేసిన ఆజ్ఞ అది. ఆ కూదూరు మచిలీపట్నం పక్కనున్న మా గూడూరేనని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. ఆ ప్రాంతంలోని ఒక గ్రామాన్ని ఎనిమిది మంది బ్రాహ్మణులకు బ్రహ్మదేయంగా ఇచ్చామని, రాజోద్యోగులు అందులో అడుగు పెట్టరాదని, ఫలానా మినహాయింపులన్నీ దానికి వర్తిస్తాయని, కూదూరులోని అధికారి దీన్ని అమలు చేయాలని ఆ రాగిరేకులు చెబుతాయి. పుచ్చుకున్నవారి పేర్లున్నాయి, గోత్రాలున్నాయి. ఆ నేలను దున్నినవారి పేర్లు లేవు.

తరగతిలో ఈ శాసనం చెప్పవలసి వచ్చినప్పుడల్లా విద్యార్థులతో ఒక మాట అంటుంటాను. దీన్ని పుణ్యకార్యంగా చదవకండి, కార్యాలయ ఉత్తర్వుగా చదవండి అని. లబ్ధిదారు ఎవరు, అతనికి ఏ షరతులు సడలించారు, ఏ ఉద్యోగి బాధ్యుడు అన్న మూడు ప్రశ్నలు వేస్తే పదిహేడు శతాబ్దాల నాటి ఆ రేకులకూ నిన్నటి టెండరు ప్రకటనకూ మధ్య పోలిక ఎంత దగ్గరిదో తెలుస్తుంది. సంస్కృతి, కులం అనగానే మన చర్చ కవిత్వం చుట్టూ, పురస్కారాల చుట్టూ, విగ్రహాల చుట్టూ తిరుగుతుంది. కొనుగోలు ఫైలు దాకా రాదు. అది గుమాస్తాల వ్యవహారమని మేధావుల నమ్మకం. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను.

కొన్నేళ్ల కిందట, పేరు ఇక్కడ అవసరం లేని ఒక సంస్థ దిగువ కృష్ణా డెల్టా ప్రజల కళలు, వృత్తులపై ఒక ప్రదర్శనశాల పెట్టాలని తలపెట్టింది. విషయ నిపుణుడిగా నన్ను కమిటీలో వేశారు. మొదటి సమావేశంలో చేతికిచ్చిన కొనుగోలు ప్రణాళికలో సివిల్ పనులు, విద్యుత్తు, ఏసీ, గాజు బీరువాలు, దీపాలు, సీసీ కెమెరాలు, ఎల్‌ఈడీ తెర వరుసగా ఉన్నాయి. ప్రతిదానికీ పరిమాణం, యూనిట్, రేటు, గడువు విడివిడిగా రాశారు. ప్రదర్శనలో పెట్టవలసిన వస్తువులు మాత్రం చివరి పేజీలో ‘ఇతరములు’ అన్న శీర్షిక కింద ఒకే మొత్తంగా ఉన్నాయి. డప్పు, మగ్గం, వల, పడవ తెడ్డు, కలంకారీ అచ్చులు అన్నీ ఆ ఒక్క పంక్తిలో ఇరుక్కున్నాయి. వాటికోసమే కదా ఈ భవనం అని అడిగాను. ఇంజినీరు గారు మంచి మనిషి. ఓపికగా చెప్పారు: ‘‘గ్రానైటుకు ప్రభుత్వ రేటు ఉంది సార్. డప్పుకు రేటెక్కడుంది?’’

ఆయన ఎగతాళి చేయలేదు. ఉన్న స్థితి అదే. ప్రామాణిక రేట్ల పట్టికలో ఘనమీటరు కాంక్రీటుకు ధర ఉంటుంది, చదరపు మీటరు పలకరాయికి ధర ఉంటుంది. డప్పు తయారీకి, అచ్చు చెక్కడానికి, ముసలమ్మ దగ్గర కూర్చుని నాట్ల పాటలు రికార్డు చేయడానికి అందులో ధర లేదు. రేటు లేనిదానికి అంచనా వేయరు. అంచనా లేనిదానికి మంజూరు రాదు. మంజూరు లేనిది ప్రణాళికలో కనిపించదు. ఈ వరుసలో ఎక్కడా ఒక్క మనిషి కూడా కులం పేరెత్తడు. అయినా చివరికి డబ్బు ఎటు ప్రవహిస్తుందో చూడండి: యంత్రాలు, లైసెన్సులు, బ్యాంకు గ్యారంటీలు ఉన్నవాడి వైపు. డెల్టాలో అవి ఏ కులాల చేతిలో ఉన్నాయో ఈ పేజీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

డప్పుల కోసం మా ఊరి మాదిగపల్లెలో ఉండే ఒక పెద్దాయన పేరు నేనే సూచించాను. నేను అదే ఊరి మాలపల్లెలో పుట్టాను. ఇది చెప్పడానికి కారణం ఉంది. మా ఇళ్లలో డప్పు ఉండేది కాదు. జాతరకైనా చావుకైనా వాళ్లే వచ్చి వాయించేవారు, మేం కాస్త ఎడంగా నిలబడి వినేవాళ్లం. ఆ ఎడం ఏమిటో అర్థం కావడానికి నాకు పీహెచ్‌డీ దాకా చదవవలసి వచ్చింది. సరే, ఆయన దగ్గరికి కొటేషన్ నమూనా పట్టుకుని వెళ్లాను. సంస్థ పేరుతో ముద్రించిన కాగితం కావాలి, జీఎస్‌టీ నంబరు కావాలి, పాన్ కావాలి, గత మూడేళ్ల వ్యాపార లెక్కలు కావాలి, ధరావతు డీడీ కావాలి. ఆయన కాగితాలు తీసుకుని అటూ ఇటూ తిప్పి, నన్నే చదివి వినిపించమన్నారు. అంతా విన్నాక, ‘‘డప్పు ఎలా ఉండాలో ఇందులో ఎక్కడ రాశారు అబ్బాయ్?’’ అన్నారు.

ఎక్కడా రాయలేదు. ఏ తోలు, ఎంత వెడల్పు, చట్రానికి ఏ కర్ర, వాయించడానికా లేక గోడకు తగిలించడానికా అన్నది ఒక్క ముక్క లేదు. సరఫరాదారు ఎలాంటివాడై ఉండాలో మాత్రం ఒకటిన్నర పేజీ ఉంది. నేను అప్పటిదాకా ఆ కాగితాన్ని ఆ కళ్లతో చూడలేదు.

తిరిగి వచ్చి చెప్పాను. ఏడాదికి రూ.20 లక్షల లోపు అమ్మకాలు ఉన్న చేతివృత్తిదారు తన రాష్ట్రంలో అమ్ముకోవడానికి జీఎస్‌టీ నమోదే అక్కర్లేదని చట్టం చెబుతోంది. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ సంస్థలను ధరావతు నుంచి మినహాయించవచ్చని కేంద్ర సాధారణ ఆర్థిక నిబంధనలు చెబుతున్నాయి. చిన్న మొత్తాలకు కొనుగోలు కమిటీయే స్వయంగా వెళ్లి, నాణ్యతా ధరా చూసుకుని కొనే వీలు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. అన్నీ విని లెక్కల విభాగం వారు ఒకే మాట అన్నారు: ఆడిట్. రేపు అభ్యంతరం వస్తే సమాధానం చెప్పవలసింది తామేనని. మూడు కొటేషన్లు వచ్చాయి, మూడూ నగరంలో ఉత్సవాలకు సామగ్రి సరఫరా చేసేవారివే. తక్కువ ధర కోట్ చేసిన వారికి ఆర్డరు వెళ్లింది. వారు తెచ్చిన డప్పులు చూడగానే చేతిపని ఎవరిదో గుర్తుపట్టాను. తర్వాత ఊరికి వెళ్లినప్పుడు ఆయన కూడా చెప్పారు, నీ కాగితం లేకుండానే పట్టుకెళ్లారు అని. ఆయన చేతికి ముట్టింది బిల్లులోని ధరలో మూడో వంతు. ‘సాంకేతికంగా సమ్మతం’ అని ఆ ఫైలు మీద సంతకం చేసినవారిలో నేనూ ఉన్నాను.

మా ప్రాంతంలో ఈ కథ కొత్తదేమీ కాదు. గూడూరులోనో పెడనలోనో ‘సేకరణ’ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ధాన్యం. పదిహేడు శాతం తేమ, గోనె సంచులు, రైసుమిల్లు, బ్యాంకు ఖాతా. పొలం చేసేది కౌలురైతు. అతను ఎక్కువగా దళితుడో, వెనుకబడిన కులస్థుడో అయివుంటాడు. 2019లో పంటసాగుదారు హక్కుల చట్టం వచ్చినా, గుర్తింపు పత్రం కావాలంటే భూయజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. పెట్టని చోట పండించినవాడి ధాన్యం మరొకరి పేరుతో అమ్ముడుపోతుంది. వడ్లలో జరిగేదే డప్పులోనూ జరిగింది. చేసినవాడు ఒకడు, కాగితం ఉన్నవాడు మరొకడు. ప్రభుత్వ ధనం కాగితం ఉన్నచోటికి వెళుతుంది.

పెద్ద ప్రాజెక్టుల్లో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. విజయవాడ స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని 2024 జనవరి 19న ఆవిష్కరించారు. వ్యయం రూ.400 కోట్లు దాటింది. హైదరాబాద్‌లో 2016 ఏప్రిల్ 14న శంకుస్థాపన జరిగిన మరో 125 అడుగుల విగ్రహం సరిగ్గా ఏడేళ్లకు, 2023 ఏప్రిల్ 14న, ఆవిష్కరణకు నోచుకుంది. ఈ విగ్రహాలు అనవసరమనే వారితో నేను ఏకీభవించను. నగరం నడిబొడ్డున ఆయనను తలెత్తి చూడవలసి రావడంలో ఒక న్యాయం ఉంది. విజయవాడలో ఆయన జీవితాన్ని పరిచయం చేసే ప్రదర్శనశాల, సమావేశ మందిరం కూడా కట్టారు. నా ప్రశ్న వేరు. రెండుచోట్లా ప్రాజెక్టుకు గడువుగా నిలిచింది ఆవిష్కరణ తేదీయే. ఆ తేదీకి విగ్రహం సిద్ధం కావాలి, ఫౌంటెన్లు సిద్ధం కావాలి. తెలుగు నేల మీద అంబేడ్కర్‌ను ఇంటింటికీ చేర్చిన మనుషుల ఉత్తరాలు, కరపత్రాలు, సంఘాల మినిట్సు పుస్తకాలు, పేటల్లో పాడిన పాటల టేపులు ఏ తేదీకి సిద్ధం కావాలి? ఆ పనికి గడువు పెట్టాలంటే ముందు అది ప్రణాళికలో ఒక పనిగా నమోదు కావాలి.

అమెరికాలో ఇది తలకిందులుగా జరిగిన సందర్భం ఒకటుంది. వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి జాతీయ మ్యూజియానికి 2003లో చట్టం చేశారు. అప్పటికి ఆ సంస్థ చేతిలో ఒక్క వస్తువు కూడా లేదు. భవనానికి భూమిపూజ 2012లో, ప్రారంభం 2016లో. కానీ 2008లోనే దాని సిబ్బంది ఊరూరా తిరిగి, ఇళ్లలో ఉన్న పాత వస్తువులు తెచ్చి చూపించండని నల్లజాతి కుటుంబాలను పిలిచారు. వాటిని ఇంట్లో ఎలా భద్రపరచుకోవాలో ముందు నేర్పారు. ఇవ్వాలనుకున్నవారి దగ్గర తీసుకున్నారు. 1955లో మిసిసిపీలో శ్వేతజాతీయులు చంపిన పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ను తొలుత ఖననం చేసిన శవపేటికను అతని కుటుంబం 2009లో ఆ మ్యూజియానికి అప్పగించింది. పునాది తవ్వడానికి మూడేళ్ల ముందు మాట ఇది. ఏ వస్తువు వస్తుందో తెలిశాక దానికి ఎంత గది కావాలో నిర్ణయించుకునే వీలుంటుంది.

మన దగ్గర 1985 జూలై 17 కారంచేడు ఉంది. 1991 ఆగస్టు 6 చుండూరు ఉంది. చుండూరు మృతులను ఊరి నడుమ ఖననం చేసి దళితులు ఆ చోటును రక్తక్షేత్రమని పిలుచుకున్నారు. దానికి టెండరు లేదు, డీపీఆర్ లేదు. నా దృష్టిలో డెల్టాలో దళితులు నెలకొల్పుకున్న అతి ముఖ్యమైన సాంస్కృతిక సంస్థ అదే. 2007లో ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుని తీర్పు చెప్పింది. 2014లో హైకోర్టు శిక్షలను కొట్టేసింది. ఆ పోరాటాన్ని నడిపిన తరం వృద్ధాప్యంలోకి వచ్చింది. వాళ్ల ఇళ్లలోని కాగితాలను ఒక్క వానాకాలం చెదలు పట్టిస్తే ఏ ప్రభుత్వ అంచనాలోనూ ఆ నష్టం నమోదు కాదు. గాజు బీరువాలు ఎప్పుడైనా కొనవచ్చు. ఇవి దొరకవు. ప్రణాళిక అంటే ఏ పని ముందు, ఏ పని వెనుక అని తేల్చడమైతే, మొదట జరగవలసిన పనిని మనం ‘ఇతరములు’లో వేసి చివరికి నెడుతున్నాం.

కొనే వస్తువును ఎలా వర్ణిస్తామన్నది కూడా కులం ప్రశ్నే. గూడూరు పొరుగునున్న పెడన కలంకారీ సంగతి చూడండి. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టడం, చెక్క అచ్చులతో అద్దకం, ఇనుప తుక్కు బెల్లం నీళ్లలో ఊరబెట్టి నలుపు తీయడం, పటిక అద్దిన చోట ఎరుపు ఎక్కేలా ఉడకబెట్టడం, పారే కాలువలో ఉతకడం. ఇంత పనిలో అచ్చు చెక్కేవారు, అద్దేవారు, ఉడికించేవారు, ఉతికేవారు ఎక్కువగా వెనుకబడిన, దళిత కులాల ఆడామగా. సభలకు శాలువాలు, వేదికకు తెరలు కావలసినప్పుడు మన సంస్థలు టెండరులో ‘కలంకారీ డిజైను వస్త్రం’ అని రాస్తాయి. డిజైను అన్న ఆ ఒక్క మాట చాలు. రసాయన రంగులతో స్క్రీను మీద ముద్రించిన మిల్లు గుడ్డ కూడా షరతుకు సరిపోతుంది, తక్కువ ధరకు వస్తుంది, గెలుస్తుంది. ‘చెక్క అచ్చుతో, సహజ రంగులతో చేతితో అద్దినది’ అని రాయడానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. రాయడానికి ఆ గుడ్డ ఎలా తయారవుతుందో తెలిసిన మనిషి నిర్దేశాలు రాసే కమిటీలో ఉండాలి. అక్కడ మాలాంటి ఆచార్యులుంటారు. పెడనలో ఉతికే మనిషి ఉండడు.

పుస్తకాల విషయమూ ఇంతే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు సెస్సుగా కడుతున్నాం. మా పల్లెలోని ఇళ్లూ కడుతున్నాయి. సొంత డబ్బుతో మూడొందల ప్రతులు అచ్చువేసుకున్న దళిత కవి మాత్రం గ్రంథాలయ కొనుగోళ్లకు కావలసిన రాయితీ ఇవ్వలేడు, బిల్లు వచ్చేదాకా ఆగలేడు. ఆ పుస్తకం మా ఊరి బీరువాలోకి రాకపోవడానికి నిషేధం అక్కర్లేదు.

టెండర్లే వద్దు, తెలిసినవాళ్లకు ఇచ్చేయండి అంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నామినేషన్ మీద పనులు ఇచ్చిన కాలంలో అవి ఎవరికి దక్కాయో ప్రతి ఊరికీ తెలుసు. టెండరు పెట్టె దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి ఇతరుల్ని రానీయని రోజులు చూసినవాళ్లకు, 2003లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ-ప్రొక్యూర్‌మెంట్ ఎంత మేలు చేసిందో కూడా తెలుసు. నియమం ఉండాలి. నియమం ఎవరిని ఊహించుకుని రాశారన్నదే అడుగుతున్నాను.

అడగడానికి ఆధారాలు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనేవాటిలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలని, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి, 3 శాతం మహిళల నుంచి ఉండాలని విధానం ఉంది. 2012 నాటి ఉత్తర్వు, 2018లో సవరించింది. ఆ నాలుగు శాతం ఏళ్ల తరబడి కాగితం మీది అంకెగానే మిగిలింది. కర్ణాటక చట్టాన్ని సవరించి రూ.50 లక్షల లోపు పనుల్లో 24.1 శాతం ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు ప్రత్యేకించింది, తర్వాత ఆ పరిమితిని కోటికి పెంచింది. మన రాష్ట్రంలో 2019 చట్టం నామినేషన్ పనుల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకని చెప్పింది. ఇవన్నీ కాంట్రాక్టరును దృష్టిలో పెట్టుకున్నవి. అవసరమైనవే. కానీ కాంట్రాక్టరు దళితుడైనంత మాత్రాన డప్పు చేసినవాడికి ధర దక్కుతుందని హామీ లేదు. డప్పు సంగతిలో మాలలమైన మేమూ మాదిగలకు ఎడంగానే నిలబడ్డాం కదా.

అందుకే సాంస్కృతిక సంస్థల విషయంలో నేను కోరేది వేరే రకం మార్పు. వస్తువుల సేకరణకు, మౌఖిక చరిత్రకు భవనం కంటే ముందే విడిగా పద్దు పెట్టి, అవి ఒక దశకు చేరాకే నిర్మాణ టెండరు పిలవాలి. కళాకారుడిని సరఫరాదారు గడిలో కాక నిపుణుడి గడిలో చేర్చాలి. నాకు సమావేశానికి గౌరవ వేతనం ఇచ్చే పద్దు నుంచే ఆయనకూ ఇవ్వవచ్చు, దానికి ఏ చట్టమూ అడ్డం కాదు. సలహా సేవలకు నాణ్యతను, ధరను కలిపి తూచే పద్ధతి నిబంధనల్లో ఇప్పటికే ఉంది. కన్సల్టెన్సీ కంపెనీల కోసం వాడుతున్న ఆ తూకం చేతిపనికీ వాడాలి. ముడిసరుకుకు ముందే కొంత సొమ్ము చెల్లించాలి. అన్నిటికన్నా సులువైనది, ప్రతి వస్తువు కింద చేసినవారి పేరు రాయడం. మా ప్రదర్శనశాలలో ఆ డప్పు కింద ‘డప్పు. కర్ర, తోలు. కృష్ణా జిల్లా’ అని ఉంది. పక్క గోడ మీది ప్రారంభ ఫలకంలో పద్నాలుగు పేర్లున్నాయి, నాది పదకొండోది.

గత వానాకాలంలో అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. డప్పుల తోలు వదులైపోయిందని, ఒకటి అంచున చిట్లిందని. కారణం ఊహించడం కష్టం కాదు. పగలంతా ఏసీ, రాత్రి ఆపేస్తారు, సముద్రపు తేమ లోపలికి వస్తుంది. తోలు రోజూ బిగుస్తూ సడలుతూ ఉంటుంది. ఏసీకి, లిఫ్టుకు, కెమెరాలకు వార్షిక నిర్వహణ ఒప్పందాలు ఉన్నాయి. డప్పుకు లేదు. పెద్దాయనకు చెప్పాను. ‘‘ఇంటికి తీసుకురా అబ్బాయ్, మంట మీద కాచి చూద్దాం. చిట్లినదానికి తోలు మార్చాల్సిందే’’ అన్నారు. డబ్బు మాట ఎత్తలేదు. వస్తువు బయటికి రావాలంటే గేటు పాసు కావాలి. ఆ ఫారంలో మరమ్మతు చేసే సంస్థ పేరు, జీఎస్‌టీ నంబరు రాయమని ఒక గడి ఉంది. నేను ఆయన పేరు, మా ఊరి పేరు రాసి పంపాను. నంబరు లేదని ఫారం వెనక్కి వచ్చింది.